మొదటి పేరాలో ఏనుగు లేదు



ముందుగా ఓ పేరా వినిపిస్తాను. "గ్రంథాలయాలు విజ్ఞాన భాండాగారాలు. మానవుని సర్వతోముఖాభివృద్ధికి అవి ఎంతగానో తోడ్పడతాయి. నేటి ఆధునిక యుగంలో వాటి ప్రాధాన్యం అంతా ఇంతా కాదు. ప్రాచీన కాలం నుంచీ మన దేశంలో వాటికి విశిష్ట స్థానం ఉంది."

ఎక్కడో విన్నట్టుంది కదూ? హైస్కూల్లో మీరే రాసి కూడా ఉంటారు. ఇందులో అబద్ధం లేదు, వ్యాకరణ దోషం లేదు. ఇప్పుడు "గ్రంథాలయాలు" తీసేసి "వార్తాపత్రికలు" అని పెట్టి చదవండి. చివరి వాక్యం తప్ప అంతా సరిపోయింది. "విహారయాత్రలు" అని పెట్టండి. మొదటి వాక్యం కాస్త తడబడుతుంది గానీ మిగతా మూడూ ఇట్టే కుదిరిపోతాయి. ఏ విషయానికైనా సరిపోయే పేరా ఏ విషయమూ చెప్పనట్టే లెక్క.

మనింటికి శుభలేఖ వస్తుంది. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. కింద శ్రీమతి అండ్ శ్రీ ఫలానా వారి ఆహ్వానం. అవేవీ మనం చదవం. కళ్లు నేరుగా ముహూర్తం మీదికి, కల్యాణ మండపం పేరు మీదికి పోతాయి. వ్యాసం చదివేవాడూ అంతే. తెలిసిన మాటలు కనిపించగానే వాడి చూపు వాటి మీంచి జారిపోయి, అసలు సంగతి ఎక్కడుందా అని కిందికి వెతుక్కుంటూ పోతుంది. శుభలేఖలో వెతికితే దొరుకుతుంది. వ్యాసంలో దొరక్కపోతే పేజీ తిప్పేస్తాడు.

ఈ అలవాటు మనకెలా అబ్బింది? గైడు పుస్తకాల వల్ల అంటారు. అది కొంత నిజం. కానీ దీని వెనక అంతకంటే పాత సంప్రదాయం ఒకటుందని నాకనిపిస్తుంది. మన ప్రబంధాలకి అవతారిక ఉండేది. ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, కృతిభర్త, అంటే కావ్యం అంకితం పుచ్చుకునేవాడి వంశవర్ణన, ఆ తర్వాత ఆయనకి అంకితం పలికే షష్ఠ్యంతాలు. అవన్నీ దాటితేగాని కథలో అడుగుపెట్టలేం. దాన్ని వేళాకోళం చెయ్యబోవటం లేదు. ఆ అవతారికకి ఓ పని ఉంది. కావ్యం వినే ప్రభువు ఎదుట కూర్చుని ఉన్నాడు. ఆయనెవరో, కవి ఎవరో, ఇద్దరికీ సంబంధమేమిటో చెప్పకుండా కథ ఎత్తుకోవటం ఆ సభలో మర్యాద కాదు. ఇవాళ వ్యాసం రాసేవాడి ఎదుట ప్రభువు లేడు, సభ లేదు. అవతారిక మాత్రం మిగిలిపోయింది, అదీ స్తుతి లేకుండా, చప్పగా.

ఆ రోజుల్లోనూ అది ఒక్కటే దారి కాదు. కావ్యం ఎలా మొదలుపెట్టాలో కావ్యాదర్శంలో దండి మూడు మార్గాలు చెప్పాడు. ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశం. వస్తునిర్దేశమంటే చెప్పబోయే వస్తువుని నేరుగా తీసుకొచ్చి ఎదుట పెట్టటం. కుమారసంభవంలో కాళిదాసు చేసిందదే. దేవుడికి దండం పెట్టకుండా, ఉత్తరాన హిమాలయం ఉందంటూ కావ్యం ఎత్తుకున్నాడు. పార్వతి పుట్టిల్లు అది, జరగబోయే కథ చాలావరకు అక్కడే. అంటే ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి దిగటం ఇంగ్లీషు పత్రికల్ని చూసి నేర్చుకున్న కొత్త పోకడేమీ కాదు.

శాస్త్ర గ్రంథాలు రాసినవాళ్లు ఇంకా గట్టివాళ్లు. అనుబంధ చతుష్టయం అని వాళ్లకో నియమం ఉంది. విషయం ఏమిటి, ప్రయోజనం ఏమిటి, విషయానికీ గ్రంథానికీ సంబంధం ఏమిటి, దీన్ని చదవటానికి అధికారి ఎవరు? ఈ నాలుగూ తేల్చకుండా గ్రంథం మొదలుపెట్టకూడదు. మన వ్యాసానికి ఇది బాగా పనికొస్తుంది గానీ, నాలుగింటికీ నాలుగు వాక్యాలు రాయమని నా ఉద్దేశం కాదు. రాసేవాడి మనసులో ఆ నాలుగూ తేలి ఉండాలి. ముఖ్యంగా నాలుగోది. ఎవరికోసం రాస్తున్నానన్నది తేలకపోతే కలం దానంతటదే "మానవుడు సంఘజీవి" దగ్గరికి పోతుంది. ఎందుకంటే ఆ వాక్యం అందరికోసమూను.

అచ్చు పత్రికలొచ్చాక ఇంకో సంగతి తేలింది. చదివేవాడికి విషయం ఒక్కటే చాలదు, చెప్పేదెవరో కూడా కావాలి. 1711లో లండన్‌లో స్పెక్టేటర్ పత్రిక మొదటి సంచిక అడిసన్ రాశాడు. అందులో ఆయన అనేదేమిటంటే, రాసినవాడు నలుపా తెలుపా, శాంతుడా కోపిష్టా, పెళ్లయిందా లేదా అన్నది తెలిస్తేగాని పాఠకుడికి చదవాలనిపించదు, కాబట్టి నా సంగతి చెబుతాను అని. చెప్పినట్టే చెప్పి, పేరు, వయసు, బస మాత్రం చెప్పనని తప్పించుకుంటాడు. ఆ గడుసుతనంతోనే మనిషి మనకి పట్టుబడిపోతాడు. ఆ పత్రిక ఒరవడిలోనే పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు 1913లో సువర్ణలేఖలో సాక్షి వ్యాసాలు మొదలుపెట్టారు. తర్వాత ఆంధ్రపత్రికలో వాటిని తెలుగువాళ్లంతా చదివారు. ఆయన తన అభిప్రాయాల్ని ఉత్తినే చెప్పలేదు. ముందు ఓ సంఘాన్ని పుట్టించారు, అందులో జంఘాలశాస్త్రి అనే ఉపన్యాసకుణ్ణి నిలబెట్టారు. పాఠకుడికి విషయం కంటే ముందు గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు నచ్చితే ఏ విషయమైనా వింటాడు.

ఇక నాకు బాగా ఇష్టమైన మొదటి పేరా ఒకటుంది. దాని దగ్గర కాసేపు ఆగుదాం. జార్జ్ ఆర్వెల్ 1936లో రాసిన వ్యాసం, పేరు "షూటింగ్ ఏన్ ఎలిఫెంట్". అంటే ఓ ఏనుగుని కాల్చిన ఉదంతం. ఆర్వెల్ బీహారులో మోతీహారిలో పుట్టాడు. 19 ఏళ్లకి బర్మాలో పోలీసు ఉద్యోగంలో చేరాడు. మౌల్మీన్ అనే ఊళ్లో పోలీసు అధికారిగా ఉన్నప్పటి కథ ఇది.

పేరులో ఏనుగు ఉంది కదా, మనమైతే ఎలా మొదలుపెడతాం? "ఏనుగు భూమ్మీద నడిచే జంతువులన్నింటిలోకీ పెద్దది." లేదా ఇంకొంచెం పెద్దమనిషి తరహాలో, "సామ్రాజ్యవాదం మానవ చరిత్రలో ఓ చీకటి అధ్యాయం." ఆర్వెల్ మొదటి పేరాలో ఈ రెండూ లేవు. ఏనుగు ఊసే ఎత్తడు. సామ్రాజ్యమనే మాట కూడా రెండో పేరాలోగాని రాదు. మరి మొదటి పేరాలో ఏముంది? ఆ ఊళ్లో చాలామందికి తనంటే గిట్టేది కాదని చెబుతాడు. అంతమంది ద్వేషించేంత గొప్పవాణ్ణి జీవితంలో ఆ ఒక్కసారే అయ్యానని ఓ విసురు. తర్వాత చిన్న చిన్న సంగతులు. తెల్లదొరసాని ఒంటరిగా బజారులో నడిస్తే ఎవరో ఆమె గౌను మీద తాంబూలం ఉమ్మేస్తారు. ఫుట్‌బాల్ మైదానంలో ఓ బర్మా కుర్రాడు ఈయనకి కాలు అడ్డం పెట్టి పడేస్తాడు, రిఫరీ అటు తిరిగి నిలబడతాడు, చుట్టూ ఉన్న జనం గొల్లున నవ్వుతారు. వీధి మలుపుల్లో యువ బౌద్ధ సన్యాసులు నిలబడి వెక్కిరిస్తారు. అంతే. అదీ మొదటి పేరా.

ఆ నవ్వుని గుర్తుపెట్టుకోండి. కథ నడుస్తుంది. మదమెక్కిన పెంపుడు ఏనుగొకటి గొలుసు తెంచుకుని బజారులో పడుతుంది. ఓ కూలీని తొక్కి చంపేస్తుంది. ఆర్వెల్ తుపాకి తెప్పించుకుని బయల్దేరతాడు. వెనకే కనీసం రెండు వేలమంది జనం. తీరా వెళ్లి చూస్తే ఏనుగుకి మదం దిగిపోయింది, ప్రశాంతంగా గడ్డి మేస్తోంది. కాల్చాల్సిన పని లేదు. ఆయనకి ఇష్టమూ లేదు. అయినా కాలుస్తాడు. ఎందుకు? కాల్చకుండా వెనక్కి తిరిగితే ఆ రెండు వేలమందీ నవ్వుతారు. వ్యాసం చివరికి ఆయన ఒప్పుకునేది అదే, నలుగురిలో వెర్రివాణ్ణి కాకూడదని కాల్చానని.

ఇప్పుడు మళ్లీ మొదటి పేరాకి పోండి. ఫుట్‌బాల్ మైదానం ఎందుకు పెట్టాడో తెలుస్తుంది. ఆ నవ్వు అక్కడ మన చెవిన పడి ఉండకపోతే, తుపాకి చేతిలో ఉన్న దొర నిరాయుధులైన జనానికి భయపడ్డాడంటే నమ్మం. మొదటి పేరాలో ఆయన విషయాన్ని పరిచయం చెయ్యలేదు. ముగింపుకి కావలసిన కారణాన్ని ముందుగానే, అది కారణమని చెప్పకుండా, మన దగ్గర దాచి వెళ్లాడు. గట్టి ప్రారంభం చేసే పని నాకు తెలిసినంతలో ఇదొక్కటే. విషయం పేరు శీర్షికలో ఎలాగూ ఉంటుంది, దాన్ని మళ్లీ చెప్పటానికి ఓ పేరా దండగ.

ఈ వ్యాసంతో మనకింకో చుట్టరికం ఉంది. ఏనుగు చంపిన ఆ కూలీ ద్రావిడుడని ఆర్వెల్ రాస్తాడు. చివర్లో కుర్ర దొరలు కొందరు, కోరంగి కూలీ ప్రాణం కంటే ఏనుగు ఖరీదే ఎక్కువ, కాల్చటం అన్యాయమని మాట్లాడుకుంటారు. కోరంగి అంటే మన కాకినాడ దగ్గరి కోరంగే. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. గోదావరి తీరం నుంచి బర్మా వలసపోయిన తెలుగువాళ్లందరికీ అక్కడ ఆ రేవు పేరే పడిపోయింది. ప్రపంచమంతా పాఠంగా చదివే ఆ వ్యాసంలో బురదలో పడి ఉన్న శవం ఓ తెలుగువాడిదై ఉండొచ్చు. నాకెప్పుడూ ఓ ఆలోచన వస్తుంది. అదే సంఘటనని ఆ కూలీ ఇంటివాళ్లు రాసి ఉంటే మొదటి పేరా ఎక్కడ మొదలయ్యేది? ఫుట్‌బాల్ మైదానంలో మాత్రం కాదు. రేవులో ఓడ ఎక్కేచోట మొదలయ్యేదేమో, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు దగ్గరేమో. ఏనుగు అదే, ఊరూ అదే. చెప్పదలుచుకున్నది మారగానే ప్రారంభం మారిపోతుంది.

ఈ మాట పట్టుకుని మన గ్రంథాలయాల దగ్గరికి వద్దాం. ఒకే శీర్షికకి మూడు ప్రారంభాలు చేసి చూపిస్తాను.

మొదటిది. "1935వ సంవత్సరం. కృష్ణా డెల్టా కాలువలో ఓ పడవ వస్తోంది. అందులో ధాన్యం బస్తాలు లేవు, పుస్తకాలున్నాయి. రేవులో పడవ ఆగగానే ఊరివాళ్లు చదివేసినవి తిరిగిచ్చి కొత్తవి తీసుకెళ్తున్నారు." పాతూరి నాగభూషణంగారు నడిపిన పడవ గ్రంథాలయం అది. మంచి దృశ్యం. మీకూ నచ్చి ఉంటుంది. నచ్చింది కదా అని వాడెయ్యకండి. తర్వాత వచ్చే వ్యాసం గ్రంథాలయోద్యమం గురించైతే, అంటే 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన జరిగిన మొదటి గ్రంథాలయ మహాసభ, అయ్యంకి వెంకటరమణయ్యగారి పట్టుదల, పల్లెపల్లెకీ పుస్తకం చేర్చాలన్న ఆ తపన, వీటి గురించైతే ఈ పడవ సరైన బండే. అలాకాక డిజిటల్ లైబ్రరీల గురించి రాయబోతూ పడవతో మొదలుపెడితే, పాఠకుడు రేవులోనే నిలబడి పడవ ఏమైందని అడుగుతుంటాడు.

రెండోది. "మీ ఇంటి పన్ను లెక్క ఒకసారి చూడండి. పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. పుస్తకం ముట్టినా ముట్టకపోయినా మీరు ఏటా గ్రంథాలయానికి డబ్బు కడుతూనే ఉన్నారు. మరి మీ ఊరి గ్రంథాలయం గడప చివరిసారి ఎప్పుడు తొక్కారు?" ఇది గ్రంథాలయాల నిర్వహణ గురించి, నిధుల గురించి రాసే వ్యాసానికి ప్రారంభం. 8 పైసలు చిన్నదే గానీ వినేవాడి జేబులోంచి పోయేది కాబట్టి చెవి నిక్కబొడుచుకుంటాడు. కాకపోతే చివరి వాక్యం నాకు నచ్చలేదు. మూడు వాక్యాలపాటు పాఠకుణ్ణి మనవైపు తిప్పుకుని, నాలుగో వాక్యంలో వాడికి చీవాట్లు పెడుతున్నాం. వాడి తప్పేమైనా ఉంటే వాడే తెలుసుకుంటాడు. అది కొట్టేద్దాం. "డబ్బు కడుతూనే ఉన్నారు" దగ్గర ఆపితే, ఆ డబ్బు ఏమవుతోందన్న ప్రశ్న వాడి నోటి నుంచే వస్తుంది. మనం అడగటం కంటే అది మేలు.

మూడోది. "హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి పొద్దున్నే వచ్చే కుర్రవాళ్ల సంచుల్లో పుస్తకాలు ఉంటాయి. వాళ్లు చదివేది వాళ్లు తెచ్చుకున్న పుస్తకాలే. గ్రంథాలయంలో వాళ్లకి కావలసింది కుర్చీ, ఫ్యాను, చుట్టూ తమలాగే చదువుకునేవాళ్లు." పోటీ పరీక్షల అభ్యర్థులు తిరిగే చోట్లు చూసినవారికి ఇది కొత్త కాదు. కానీ ఈ మూడు వాక్యాల్లో ఓ వాదం ఉంది. గ్రంథాలయమంటే పుస్తకాలున్న చోటని ఇన్నాళ్లూ అనుకున్నాం, ఇవాళ అది చోటున్న చోటయింది అన్న వాదం. దాన్ని మీరు సమర్థించొచ్చు, విచారించొచ్చు. ఏం చేసినా వ్యాసానికి నడక వచ్చేసింది. మూడింటిలో నన్నడిగితే దీనికే ఓటేస్తాను, ఎందుకంటే దీన్ని గైడు పుస్తకంలోంచి ఎత్తి రాయలేరు. వెళ్లి చూసినవాడే రాయగలడు.

మొదటి పేరాలో వద్దనిపించేవి కూడా రెండు మూడు చెబుతాను. సూక్తులు ఒకటి. గాంధీగారు అన్నారు, కలాంగారు అన్నారు, వివేకానందుడు అన్నాడు అంటూ మొదలయ్యే వ్యాసాలు దిద్దీ దిద్దీ నాకు ఆ మహానుభావుల మీద జాలి పుట్టింది. వాళ్లు అననివి కూడా వాళ్ల నోట పెట్టేస్తున్నారు. నిజంగా అన్నదే అయినా, మీ వ్యాసంలో మొట్టమొదటి గొంతు మీది కాకుండా పోతుంది. గురజాడ దేశభక్తి గేయంలోంచి ఓ పాదం పెట్టేస్తే ఆ పాదం ముందు మీ తర్వాతి వాక్యం వెలవెలబోతుంది కూడాను. నిఘంటువు అర్థంతో మొదలుపెట్టటం ఇంకోటి. "మీకు తెలుసా?" అని అడగటం మరోటి, తెలియదనుకుంటే చెప్పెయ్యండి. "ఈ వ్యాసంలో నేను చర్చించబోయేది" అని మొదలుపెట్టటం మాత్రం పరిశోధన పత్రాల్లో తప్పనిసరి, అక్కడ అది మర్యాద. పత్రికలో వ్యాసానికి అక్కర్లేదు.

సరే, మొదటి పేరా కుదరటం లేదు, తెల్లకాగితం ముందు గంట కూర్చున్నాం. ఏం చెయ్యాలి? దాన్ని వదిలేసి రెండో పేరా నుంచి రాయండి. వ్యాసం పూర్తయ్యాక మొదటి పేరా రాయండి. అప్పటికి మీరు చెప్పదలుచుకున్నదేమిటో మీకే తెలిసి ఉంటుంది. రాయకముందు తెలిసిందనుకున్నది, రాశాక తేలినది చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి. ఇప్పటికే మొదటి పేరా రాసేసి ఉంటే, దానిమీద చెయ్యి అడ్డం పెట్టి రెండో పేరా నుంచి చదివి చూడండి. ఏమీ తగ్గినట్టు అనిపించకపోతే కొట్టెయ్యండి. పత్రికాఫీసుల్లో సబ్ ఎడిటర్లు నిర్దాక్షిణ్యంగా చేసే పని ఇదే. అసలైన ప్రారంభం తరచు మూడో పేరాలో ఎక్కడో తలదాచుకుని ఉంటుంది. కలం వేడెక్కటానికి రాసుకున్న వాక్యాలు పాఠకుడికి అక్కర్లేదు.

పరీక్ష రాసేవాళ్లకి ఈ వెసులుబాటు లేదని నాకు తెలుసు. సివిల్స్ మెయిన్స్‌లో వ్యాసం పేపరు 250 మార్కులు, మూడు గంటల్లో రెండు వ్యాసాలు. దాన్ని తెలుగులోనూ రాయొచ్చు. గ్రూప్-1లో 150 మార్కులు, మూడు గంటల్లో మూడు వ్యాసాలు. రాసి కొట్టేసి మళ్లీ రాసే తీరిక ఉండదు. పైన జాగా వదిలి తర్వాత నింపుదామని కొందరంటారు, నేనైతే వద్దంటాను. చివర్లో టైము చాలకపోతే తల లేని వ్యాసం ఇచ్చి రావలసి వస్తుంది. దానికంటే, రఫ్ పేజీలో ముందుగా వ్యాసం చివరి వాక్యం రాసుకోండి. అందమైన వాక్యం అక్కర్లేదు, మీరు చివరికి తేల్చేదేమిటో మోటుగా రాసుకుంటే చాలు. దాని కింద, ఆ మాట చదివేవాడు నమ్మాలంటే ముందుగా ఏం చూసి ఉండాలి అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. ఓ అంకె కావచ్చు, ఓ సంఘటన కావచ్చు, మీ ఊళ్లో కళ్లతో చూసింది కావచ్చు. దాంతో మొదలుపెట్టండి. వెయ్యి పదాల వ్యాసానికి డెబ్బై ఎనభై పదాల ప్రారంభం సరిపోతుంది. దీనికి పది నిమిషాలు పడుతుంది. పది నిమిషాలు పోయాయే అని బెంగపడకండి. మొదటి వాక్యం తోచక పెన్ను కొరుక్కుంటూ కిటికీలోంచి చూసే టైము అంతకంటే ఎక్కువే.